రేషన్ కార్డులో కొమురయ్య వీపు

కొమురయ్య రోజూ పొద్దున ఆరింటికి చిట్కుల్‌లో కంపెనీ బస్సెక్కి గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీకి పోతాడు. ఎక్కే ముందు పాన్ డబ్బా వెనక్కి పోయి ఒక మాత్ర మింగుతాడు. సాయంత్రం దిగినాక అక్కడే ఇంకొకటి. భార్య రాజవ్వ ఒకసారి జేబులో చూసి అడిగితే గ్యాస్ మాత్రలన్నాడు.

రెండేళ్ల కింద దగ్గు తగ్గక సంగారెడ్డి పెద్ద దవాఖానాలో చూపించుకుంటే హెచ్ఐవి అని తేలింది. పెళ్లయిన కొత్తలో లారీల మీద తిరిగిన రోజులు గుర్తొచ్చి అతను నేల చూపులు చూశాడు. అక్కడి కౌన్సిలర్ మేడం నెలనెలా అడుగుతుంది, "నీ భార్యను ఎప్పుడు తెస్తవు?" అని. "పుట్టింటికి పోయింది మేడం," అంటాడు. రెండేళ్లుగా అదే జవాబు.

ఆ ఏడాది సర్కారు కొత్త ఆరోగ్య బీమా తెచ్చింది. రేషన్ కార్డు చూపించి బీమా కార్డు తీసుకుంటే పట్నంలోని పెద్ద దవాఖానాల్లో పైసల్లేకుండా చూస్తారు. నెల నుంచి జ్వరం విడవని రాజవ్వ, రేషన్ కార్డు తీసుకొని పంచాయతీ ఆఫీసుకు పొమ్మని మొగుణ్ణి తరిమింది.

లైనులో నిలబడ్డంతసేపూ కొమురయ్యకు ఒకటే గుబులు. ఫారంలో జబ్బు రాయమంటారా? పేరు పైకి చదువుతారా? జబ్బు సంగతి ఎవరూ అడగలేదు. కంప్యూటర్ ఆపరేటర్ రేషన్ కార్డు మీది ఫోటో చూసి మాత్రం ఆగాడు.

చిట్కుల్‌లో రేషన్ కార్డు ఫోటోల్లోని మనుషులు మనసును బట్టి కదులుతుంటారు. కొడుకు చచ్చిపోయిన ఏడాది ఊళ్లో శివమ్మ ఫోటోలో కూలబడి, మళ్లీ వరినాట్ల దాకా లేవలేదు. కొమురయ్య తల రెండేళ్లుగా కొంచెం కొంచెం వంగుతూ వచ్చింది. ఇప్పుడు రాజవ్వ పక్కన అతని వీపే కనబడుతోంది.

"వీపుంటే కార్డు రాదన్నా," అన్నాడు ఆపరేటర్. "నెలాఖరు దాక టైముంది. ముంగటికి తిరిగినంక రా."

"మా మరిది గూడ గిట్లనే ఉండె," అంది వెనక నిలబడ్డ ఆగమ్మ. "ఇంట్ల చెప్పుకున్నంక తిరిగిండు."

కొమురయ్య కార్డు జేబులో పెట్టుకుని వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో రాజవ్వ బియ్యంలో రాళ్లేరుతోంది. కార్డు చూసింది. "ఏం చేసినవ్?" అని అడిగింది, అరవకుండా.

అతను గడపలో కూర్చుని, వాకిలి వైపు చూస్తూ చెప్పాడు. లారీల సంగతి, మాత్రల సంగతి, మేడంతో ఆడిన అబద్ధం. చాటలో ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎన్నేండ్లాయె తెలిసి?"

"రెండేండ్లు."

"రెండేండ్ల సంది నా చేతి కూడు తినుకుంట, నా పక్కల పండుకుంట... నోరెట్ల మూసుకున్నవయ్యా?"

రాజవ్వ చాట పక్కన పెట్టి లోపలికి పోయింది.

మర్నాడు రాజవ్వ అతన్ని పిలవకుండానే సంగారెడ్డి బస్సెక్కింది. అతనూ వెంట ఎక్కి వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. పరీక్షలో ఆమెకూ ఉందని తేలింది. "ముందే రావాల్సింది," అంది మేడం. కొమురయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ వారంలోనే ఆమెకు మందులు మొదలుపెట్టారు.

నెలాఖరున ఇద్దరూ పంచాయతీ ఆఫీసుకు పోయారు. ఫోటోలో కొమురయ్య తనంతట తాను తిరగలేదు. రాజవ్వే అతని భుజం పట్టుకుని ఇటు గుంజుతోంది. పళ్లు బిగించి గుంజుతోంది. సగం మొహం బయటికొచ్చింది.

"గింత చాలు," అని ఆపరేటర్ ముద్ర కొట్టాడు.

వానాకాలంలో రాజవ్వకు ఊపిరాడలేదు. ఆ కార్డు మీదే పట్నం దవాఖానాలో చేర్చుకున్నారు. మందులు అప్పుడే మొదలుపెట్టబట్టి బతికిందన్నాడు డాక్టరు. పన్నెండు రోజులూ కొమురయ్య మంచానికి దూరంగా, తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ముక్కు మీది గొట్టం తీసేసిన రోజు ఆమె కళ్లు అతని మీద పడ్డాయి.

"నిన్నింక మాఫ్ జెయ్యలే," అంది.

"ఎరికే."

"మరి గంత దూరం కూసుంటే నీళ్లెవరు తాపాలె? స్టూలు ఇటు జరుపు."