పసుపు వైరు ఒక్కటే

జీలకర్ర, బెల్లం ఇంకా తలల మీదికి చేరకముందే పాట అయిపోయింది. కమలాకుమారి విసుగ్గా నాలుక చప్పరించి, కంప్యూటరు తెరమీది బొమ్మను వెనక్కి జరిపి, పురోహితుడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న ముక్కనీ, పెళ్లికూతురి మేనమామ ఆవులిస్తున్న ముక్కనీ కోసి పారేసింది. మళ్లీ మొదటినుంచి నడిపి చూసింది. ఈసారి చరణం చివర సన్నాయి పైకి లేచే చోటికి వధూవరుల చేతులు సరిగ్గా ఒకరి నెత్తి మీదికి ఒకరివి చేరాయి. తృప్తిగా తలూపి, లేచి వెళ్లి కుక్కరు దించింది.

వంటింటికీ పెరటికీ మధ్య ఉన్న ఆ గది ఒకప్పుడు సామాన్ల గది. చింతపండు కుండలు తీసేసి ఏళ్లయినా గోడల్లోంచి ఆ పులుపు వాసన పోలేదు. టేబుల్ ఫ్యాను ఉంది గానీ అది ఆవిడ వైపు తిరిగి ఉండదు. మూత ఊడదీసిన కంప్యూటరు డబ్బా వైపు తిరిగి ఉంటుంది. అది వేడెక్కితే పని ఆగిపోతుంది. ఆవిడ వేడెక్కితే ఏమీ ఆగదు.

నలభై దాటిన మనిషి. పొట్టిగా, కాస్త బొద్దుగా ఉంటుంది. తెరకేసి చూసి చూసి కళ్ల కింద చర్మం నల్లబడింది. కుడి మణికట్టు దగ్గర, బల్ల అంచు ఒరుసుకునే చోట, కాయ కాచింది. జగ్గయ్యపేటలో ఈ మధ్య కాపురానికి వెళ్లిన ఆడపిల్లల్లో చాలామందిని ఆవిడ గుర్తుపడుతుంది. వాళ్లలో ఒక్కరూ ఆవిణ్ణి గుర్తుపట్టరు. బజార్లో వంకాయలు బేరమాడుతున్న ఏ అమ్మాయో కనిపిస్తే, 'అప్పగింతలప్పుడు ఈ పిల్ల ఏడుస్తూనే గాజులు సర్దుకుంది' అని లోపల్లోపలే నవ్వుకుని తప్పుకుపోతుంది.

భర్త వెంకటరత్నం కెమెరా పట్టుకుని ఊళ్లు తిరుగుతాడు. తీసినదాన్ని కోసి, పాటలు అతికే మిక్సింగు ఈవిడది. పెళ్లయిన కొత్తలో రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి నేర్పించాడు. ఇప్పుడు కంప్యూటరొచ్చింది, సీడీలొచ్చాయి. ప్రతి పెళ్లి చివరా ఆకాశంలోంచి పూలు రాలుతుంటే 'వెంకటరత్నం వీడియోస్' అన్న అక్షరాలు గిర్రున తిరుగుతూ వచ్చి నిలబడతాయి. ఆ పూలు రాల్చేది ఈవిడే.

కెమెరాలో పడ్డ మాటలు మాత్రం వాళ్లు ఎప్పుడూ ఉంచరు. తొలిరోజుల్లో ఒక పెళ్లి క్యాసెట్టులో, పెళ్లికూతురి పెద్దమ్మ ఎవరితోనో "ఈ పిసినారి సంతకి పిల్లనిస్తున్నాం, అక్కడేం తింటదో ఏమో" అన్న మాట అలాగే ఉండిపోయింది. అత్తవారింట్లో వీధి వీధంతా కూర్చుని టీవీ చూస్తుండగా పెద్దమ్మ గొంతు ఖంగుమంది. తగువు పెద్దమనుషుల దాకా వెళ్లింది. ఆ రోజే వెంకటరత్నం తేల్చేశాడు: "ఇకనుంచి బొమ్మ మనది, పాట సినిమావాళ్లది. మాట మాత్రం ఎవరిదీ వద్దు." కెమెరా నుంచి వచ్చే మూడు వైర్లలో బొమ్మను తెచ్చే పసుపు వైరు ఒక్కటే తగిలిస్తారు. మాటను తెచ్చే ఎరుపు, తెలుపు వైర్లు గోడమేకుకు వేలాడుతుంటాయి. ఇంకా ఎక్కించాల్సిన క్యాసెట్లు కుడివైపు చేటలో ఉంటాయి. అలా కంప్యూటర్లోకి ఎక్కిన క్యాసెట్టును ఆవిడ ఎడమవైపు చేటలో పడేస్తుంది. వెంకటరత్నం చేటలోంచి తీసుకెళ్లి తర్వాతి ఫంక్షన్ దానిమీదే తీస్తాడు. ఏళ్లుగా ఇదే పద్ధతి.

"ఆంటీ, రావచ్చా?"

నీహారిక. బట్టలకొట్టు శ్రీమన్నారాయణగారి అమ్మాయి. రోజూ బస్సులో నందిగామ వెళ్లి డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఆ కాలేజీలో కొత్తగా జర్నలిజం పెట్టారు. ఒక్కొక్కరూ ఒక మనిషిని గురించి పది నిమిషాల సినిమా తీసి చూపించాలట. కాలేజీకి కెమెరా లేదు. అందుకని నీహారిక పోయినవారం వెంకటరత్నం కెమెరా, క్యాసెట్టు అద్దెకు తీసుకుని వత్సవాయి వెళ్లి, నాట్లపాటలు తెలిసిన రత్తమ్మ అనే ముసలావిణ్ణి వీడియో తీసుకొచ్చింది. సినిమా రేపు కాలేజీలో ఇచ్చెయ్యాలి.

"రామ్మా, నీకోసమే చూస్తున్నా. ఈ పెళ్లి పక్కన పెట్టేస్తా," అంటూ కమలాకుమారి మరో కుర్చీ లాగింది. పొద్దున తల దువ్వుకుని ఉతికిన చీర కట్టుకోవడం, మిక్సింగుకు కూర్చునే రోజున ఆవిడ ఎప్పుడూ చెయ్యని పని.

క్యాసెట్టు మొన్న మధ్యాహ్నమే ఎక్కించింది. ఎక్కిస్తూ, చేతిలో అన్నం ముద్ద ఆరిపోయేదాకా చూస్తూ ఉండిపోయింది. రత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పొట్టి మనిషి. వెడల్పాటి నుదురు, చెవి మీద దోపిన సగం చుట్ట, నీళ్లలో నాని నాని పగిలిన కాలివేళ్లు. పిల్ల ఏదో అడిగినట్టుంది. ముసలావిడ జవాబివ్వకుండా ఒక గడ్డిపరకను చీలుస్తూ కూర్చుంది. కెమెరా కదల్లేదు. పిల్ల మళ్లీ అడగలేదు. గడ్డిపరక రెండు పాయలైంది, నాలుగైంది. అప్పుడు, ఎప్పటికో, ఆవిడ నోరు తెరిచింది. పెళ్లిలో అయితే కమలాకుమారి అన్నిటికంటే ముందు కోసి పారేసే ముక్క అది. ఆ రోజు మాత్రం ఆవిడకు దాని మీదికి చెయ్యి పోలేదు. ఇన్నేళ్లుగా తను కోసి పారేసిన వాటిలో ఏమేం పోయాయో అనిపించింది.

"నువ్వంత ఓపిగ్గా ఎట్లా కూర్చున్నావమ్మా?" అని అడిగింది ఇప్పుడు.

"మా సార్ చెప్పారాంటీ. అడిగాక నోరు మూసుకోండి, వాళ్లు ఆగితే మీరు అందుకోకండి అని. కెమెరా లేకుండా ముందు మూడుసార్లు వెళ్లొచ్చా. మొదటిసారి నన్ను తిట్టి పంపించిందావిడ, 'పనీ పాటా లేదా' అని. ఆంటీ, టైటిల్స్‌లో ఎడిటింగ్ అని మీ పేరు వెయ్యాలి. మర్చిపోకండి."

"నా పేరెందుకులే," అంది కమలాకుమారి. కానీ నిన్నే ఆ పేరు కొట్టి చూసుకుంది. పూలు రాల్చలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కదలకుండా ఉన్నాయి.

రత్తమ్మ తెరమీదికొచ్చింది. గడ్డిపరక చీలింది. నోరు తెరిచింది.

"సౌండ్ పెట్టండాంటీ."

కమలాకుమారి స్పీకరు మీట తిప్పింది. ఇంకా తిప్పింది. టేబుల్ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ చెయ్యి మీట మీదే ఆగిపోయింది. తల తిప్పి గోడవైపు చూసింది. ఎరుపు, తెలుపు వైర్లు మేకుకే ఉన్నాయి.

ఇన్నేళ్లుగా నోళ్లు కదలడమే గానీ మాట వినపడని మనుషుల్ని చూస్తున్న కళ్లు. మొన్న అంత తన్మయంగా చూసినప్పుడు కూడా గొంతు లేదన్న సంగతి ఆవిడకు తట్టనేలేదు.

"ఏం కాలేదమ్మా, మళ్లీ ఎక్కిస్తా," అంటూ లేచి ఎడమచేట వెతికింది. కుడిచేట వెతికింది. ముందుగదిలో నిద్రపోతున్న వెంకటరత్నాన్ని తట్టి లేపింది.

"వత్సవాయి క్యాసెట్టేదండీ?"

"ఎడమచేటలోదేగా? నిన్న చందర్లపాడు ఓణీల ఫంక్షన్‌కి వాడా." ఆయన లేచి కూర్చుని ఇద్దరి మొహాలూ చూశాడు. "నువ్వే కదే అందులో వేశావు? బొమ్మ ఎక్కిందిగా మరి?"

"బొమ్మే ఎక్కింది."

"అదా! దానికింత కంగారెందుకు. నాట్లపాట సినిమాలో ఏదో ఒకటుంటది, తగిలించు. ఎవడికి తెలుస్తది?"

నీహారిక ఏడవలేదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని వేళ్లు విరుచుకుంటూ తెరకేసి చూసింది.

"ఎక్కడన్నా రాసుకున్నావా అమ్మా?" అంది కమలాకుమారి.

"రాసుకోవద్దన్నారాంటీ. రాస్తూ కూర్చుంటే వాళ్ల మొహం చూడలేరు, వాళ్లు ఆపేస్తారు. మీరు మనిషిని చూడండి, కెమెరా వింటుంది అన్నారు." మళ్లీ తనే అంది: "ఒక్కటి సగం గుర్తుంది. అందరూ పాడే పాటలో, తన వంతు వచ్చినప్పుడు తను కట్టి పాడిన చరణమట. పెళ్లయి వచ్చిన ఏడు, మొదటిసారి నాటు వేసినప్పుడు. 'నీళ్లలో నా నీడ నాకన్న ముందొంగె' అని. తర్వాత ఇంకో ముక్క ఉంది. అది పాడి నవ్వింది. ఎందుకు నవ్విందో నాకర్థమైంది గానీ, మాటలు రావట్లేదు."

ఆ చోటు పట్టుకుని ఇద్దరూ చూశారు. రత్తమ్మ పెదాలు కదిలాయి, కళ్లు చిన్నవయ్యాయి, బోసినోరు నవ్వింది. వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. "ఇక్కడ పెదాలు కలిశాయి. 'మా' అంటుందేమో. 'మామ'?" అంది కమలాకుమారి. "కాదాంటీ, 'బ' అనుకుంటా." "నడుమా? బావా?" ఎన్నిసార్లు తిప్పినా ముసలావిడ అదే నవ్వు నవ్వింది.

కమలాకుమారి కంప్యూటరు ఆపేసి లేచింది.

"పద. వెళ్లి మళ్లీ పాడమందాం."

"నువ్వెందుకు? పిల్ల వెళ్తదిగా," అన్నాడు వెంకటరత్నం.

"పోగొట్టింది నేనండీ. అన్నం, పప్పు ఉన్నాయి. పెట్టుకు తినండి."

కొత్త క్యాసెట్టు పెట్టి, మైకు పనిచేస్తుందో లేదో చెవికి పెట్టుకుని చూసి, కెమెరా సంచీ తనే భుజాన వేసుకుంది. ఇన్నేళ్లలో కెమెరా పట్టుకుని గడప దాటడం ఆవిడకిదే మొదలు. వత్సవాయి బస్సులో సంచీని చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీ అవతల పత్తిచేలు తెల్లగా పగిలి ఉన్నాయి.

"నేనూ నందిగామలో చదవాలనుకున్నా తెలుసా," అంది ఉన్నట్టుండి. "ఇంటర్ పాసయ్యా. మా నాన్న, ఆడపిల్లకి బస్సుల్లో తిరుగుడేంటి అన్నాడు. అదే యేడు పెళ్లి."

నీహారిక ఏమీ అనకుండా ఆవిడకేసి చూస్తూ ఉండిపోయింది. కమలాకుమారికి నవ్వొచ్చింది. "నామీద కూడా చేస్తున్నావా మీ సార్ చెప్పింది? సరేగానీ, వెళ్లగానే ఏమడగాలి?"

"పాడమని మాత్రం అడగొద్దాంటీ. ముందు నారు సంగతి అడగండి. నారుమళ్ల గురించి అయితే ఆవిడే ఎత్తుకుంటుంది."

వత్సవాయిలో పేట చివర్న ఉంది రత్తమ్మ ఇల్లు. ముందు తాటాకు చూరు, వెనక సగం కట్టి ఆపేసిన ఇటుకగోడ. వాకిట్లో నులకమంచం గోడకు నిలబెట్టి ఉంది. కోడలు ఆరోగ్యమ్మ పత్తి ఏరడానికి వెళ్లబోతూ తలకు గుడ్డ చుట్టుకుంటోంది. నీహారికను చూసి చేతులు దించేసింది.

"ఇప్పుడొచ్చినవా తల్లీ. మొన్న ఆదివారం పోయిందమ్మా."

"ఎక్కడికి?" అంది నీహారిక. అన్నాక ఆ పిల్లకే అర్థమైంది.

"మేం చర్చికిపోయి వచ్చేసరికి పడుకున్నది పడుకున్నట్టే ఉంది. జబ్బేం లేదు. పొద్దున గంజి కూడా తాగింది." ఆరోగ్యమ్మ అరుగు చెంగుతో దులిపి కూర్చోమంది. కెమెరా సంచీ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెచ్చినవా? నువ్వొచ్చి పోయినకాణ్ణించి ఒకటే మురుసుడు. మొన్న శనివారం పిల్లలు పాడమంటే, 'నేనింక పాడనురా, కాలేజీ పిల్ల నా పాట పట్టుకుపోయింది, కావాలంటే అందులో వినుకోండి' అన్నది. ఒక్కసారి వినిపియ్యమ్మా. ఉండు, నా మొగుణ్ణి కూడా కేకేస్తా."

"తెస్తామండీ, ఇంకా మిక్సింగు..." అని నీహారిక మొదలెట్టింది. కమలాకుమారి ఆ పిల్ల మోకాలి మీద చెయ్యి వేసింది.

"కేకెయ్యకమ్మా. అందులో మీ అత్తయ్య బొమ్మ ఉంది. గొంతు లేదు. నావల్లే పోయింది. వైరు తగిలించలేదు, క్యాసెట్టు చెరిగిపోయింది. మళ్లీ పాడించుకుందామని వచ్చాం."

ఆరోగ్యమ్మ సంచీకేసి చూస్తూ అరుగు చివర చతికిలబడింది. తిడితే బాగుండుననిపించింది కమలాకుమారికి. క్షమించమనో, బొమ్మకి మంచి పాట పెట్టి సీడీ చేసిస్తాననో మాటలు నోటిదాకా వచ్చాయి. వాటిని నోట్లోనే ఉంచుకుని కూర్చుంది. వాకిట్లో కోడి ఒకటి తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఆ చివరిదాకా వెళ్లింది.

"బొమ్మకేముందమ్మా," అంది చివరికి ఆరోగ్యమ్మ. "ఓటుకార్డులో ఉంది బొమ్మ."

"ఆవిడ కట్టిన చరణం, నీళ్లలో నీడ ముందొంగింది అని. ఆ రెండోముక్క మీకొచ్చా అక్కా?" అంది నీహారిక చాలా మెల్లగా.

"నాకేడొస్తది? ఆమె ముందువరస. నేనెప్పుడూ ఎనకుండేదాన్ని. గాలికి సగమే ఇనపడేది. నవ్వుకునేటోళ్లు అందరు, నేనూ నవ్వేదాన్ని." ఆరోగ్యమ్మ లేచింది. "రోజూ పాడేదేగా, ఏడికి పోద్దిలే అనుకున్నాం."

లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ తాగారు. పత్తిచేలోంచి ఎవరో పిలిస్తే, "బస్సుకి జాగ్రత్త తల్లీ" అని చెప్పి, తలగుడ్డ బిగించుకుంటూ వెళ్లిపోయింది.

కమలాకుమారి కెమెరా సంచీ భుజాన వేసుకుని అరుగు దిగింది. చూరు కింద వంగబోయి ఆగింది. గుమ్మం పక్కన తాటాకుల మధ్య, పొట్టి మనిషి చేతికి అందేంత ఎత్తులో, మళ్లీ వచ్చి కాల్చుకునేందుకు నివురు దులిపి జాగ్రత్తగా దోపిన సగం చుట్ట ఒకటి ఉంది.