నడుమ ఆగిన క్రేను

పోలిరాజు కలకత్తా ఖిదిర్‌పూర్ రేవులో క్రేను నడిపినన్నాళ్లూ చుట్టూ మనుషుల గోలే. ఎత్తరా, దించరా అని కింద నుంచి కేకలు. అందులో సగం శ్రీకాకుళం గొంతులే. భార్య పోయాక ఆ గోల భరించలేకపోయాడు. దమ్‌దమ్‌లో విమానాలు బాగుచేసే షెడ్డులో క్రేను పని ఉందంటే చేరిపోయి, మకాం కూడా అక్కడికే మార్చాడు.

షెడ్డు అనడమే గానీ, తొలిసారి చూసినప్పుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. రెండు పెద్ద విమానాలు రెక్కలు తగలకుండా పక్కపక్కన నిలిచినా ఇంకా ఓ వీధికి సరిపడా చోటు మిగిలేది. మధ్యలో ఒక్క స్తంభం లేదు. కప్పు కింద తిరిగే పావురాలు ఈగల్లా కనబడేవి. ఆ ఎత్తునే పట్టాల మీద నడిచే క్రేను, దానికి వేలాడే అద్దాల గది అతనివి. పొద్దున్నే పడమటి గోడ నిచ్చెన ఎక్కితే సాయంత్రం దాకా కిందనున్న బెంగాలీ మేస్త్రి హరధన్‌దా చేతి సైగలే లోకం. మాటలుండవు. మొదట్లో అది హాయిగానే ఉండేది.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం ఇంజనొకటి దించి, క్రేనును వెనక్కి తెస్తుండగా కరెంటు పోయింది. ఆ రోజుల్లో కలకత్తాలో అది వింత కాదు. క్రేను షెడ్డు నడుమ ఆగిపోయింది. గోడ దాకా వెళితే గానీ నిచ్చెన అందదు. కిందివాళ్లంతా పనిముట్లు వదిలేసి టీకి వెళ్లిపోయారు. హరధన్‌దా కూడా తల ఎత్తకుండానే వెళ్లాడు.

కాసేపు చూసి పోలిరాజు "హరధన్‌దా" అని పిలిచాడు. పిలుపు ఎక్కడికో పోయి, అవతలి గోడ నుంచి నీరసంగా తిరిగొచ్చింది. ఈసారి తెలుగులో పిలిచాడు.

"నానిక్కడున్నానర్రా."

అదీ తిరిగొచ్చింది. ఆ గొంతు తనదేనని పోల్చుకోవడానికి క్షణం పట్టింది. తెలుగు మాట పైకి అని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. మళ్లీ పిలవబుద్ధి కాలేదు. రేకుల మీద వాన మొదలైంది. మోకాళ్లు ముడుచుకుని, కింద ఖాళీ విమానాన్ని చూస్తూ కూర్చున్నాడు.

కరెంటు వచ్చేసరికి పొద్దు వాలింది. కిందికి దిగాక, టీ తాగావా అని హరధన్‌దా బెంగాలీలో ఆప్యాయంగానే అడిగాడు. తను పైనే ఉండిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. తాగానన్నాడు పోలిరాజు.

ఆ సాయంత్రం దమ్‌దమ్‌లో తానుండే గదికి పోలేదు. బస్సులు మారి ఖిదిర్‌పూర్‌లో అప్ప మహాలక్ష్మమ్మ ఇంటికి వెళ్లాడు. పెళ్లాం దినాల తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి, తడిసి ముద్దయిన తమ్ముణ్ని ఎగాదిగా చూసింది.

"ఏట్రా, ఒంట్లో బాగులేదేటి?"

"బాగానే ఉన్నానప్పా. ఏదో ఒకటి మాటాడు."

ఆమె తువ్వాలు అందించి, మళ్లీ పొయ్యి ముందు కూర్చుని, పంపు దగ్గర ఎవరికి ఎవరితో తగువైందో, బజారులో చేపలు ఎంత పాడుగా ఉంటున్నాయో చెప్పుకుపోయింది. పోలిరాజు తల తుడుచుకోవడం మరిచిపోయి విన్నాడు. వింటూ వింటూ గోడకు చేరగిలబడి నిద్రపోయాడు. మాట ఆపితే లేస్తాడేమోనని, అన్నం వార్చేదాకా ఆమె గొంతు తగ్గించి ఏదో ఒకటి చెబుతూనే ఉంది.