దవడలో కరక్కాయ

ఏడో ప్రశ్న దగ్గర జక్కయ్య మాస్టారి కలం ఆగింది. ఇంట్లో క్షయ ఉన్నవారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు ఆ దరఖాస్తులో. వంటింట్లో భార్య గ్రేసమ్మ దగ్గుతోంది. పొగకు వచ్చే దగ్గు కాదు అది. పొయ్యి ఇంకా ముట్టించనే లేదు.

"లేరు" అని రాశాడు.

అది అరవై నాలుగు, ఫిబ్రవరి. వెల్దుర్తి దాపున ఒక పల్లెలో మిషన్ బడికి జక్కయ్య పదిహేనేళ్లుగా పంతులు. కొరియా దేశంలో క్రైస్తవ ఉపాధ్యాయుల సంఘమొకటి మన దేశం నుంచి ఇద్దరు పంతుళ్లను పిలిపించుకుని, మూడు నెలలు ఊరూరా తిప్పి, తమ చరిత్రా ఆచారాలూ నేర్పి పంపుతుందట. ఓడ ఖర్చులు వాళ్లవే. తిరిగొచ్చినవాడు పది బళ్లలో ఆ దేశం గురించి ఉపన్యాసాలివ్వాలి. అవి సరిగ్గా ఇస్తే మిషన్ వాళ్లు హెడ్మాస్టరును చేస్తారని అందరూ అనుకుంటున్నారు.

జక్కయ్య ఆశంతా ఆ కుర్చీ మీదే అంటే అబద్ధం. జపాను వాళ్లు ఏలినన్నాళ్లూ అక్కడి బళ్లలో పిల్లలు సొంత భాష మాట్లాడితే దెబ్బలేనని, పంతుళ్లు చాటుగా ఆ భాష నేర్పి జైళ్లకు పోయారని మిషన్ పత్రికలో చదివాడు. ఆ పంతుళ్లలో ఒక్కణ్ణయినా చూడాలని పట్టుకుంది. మాచర్లలో రైలెక్కిందే జన్మలో నాలుగుసార్లు. అలాంటివాడికి ఓడ కనిపించింది. అది కనిపించాక ఇక వేరే ఏదీ కనిపించలేదు.

గ్రేసమ్మను మాచర్లలో కాంపౌండరుకు చూపించాడు. అతను వీపు మీద చెవి ఆనించి విన్నాడు.

"మాస్టారూ, ఇది నా చేతిలో రోగం గాదు. మిషన్ ఆస్పత్రికి తీసకపోండి. సూదులేస్తారు. ఏడాది పొడిపిస్తే మనిషి తిరుగుద్ది."

మిషన్ ఆస్పత్రిలో పేరు రాసుకుంటారు. అక్కడి నర్సు కరుణమ్మ, పంతుళ్లను ఎంపిక చేసే కమిటీలో మనిషి. తిరుగు బస్సులో జక్కయ్య భార్య వైపు తిరిగాడు.

"ఏమే, ఒక్క ఆర్నెల్లు ఓర్చుకోగలవా? నేను ఓడెక్కిన మర్నాడే ఆస్పత్రికి పో. మీ చెల్లెలు ఆదెమ్మ తోడొస్తది."

"నా పేరు ముందే రాయిస్తే నీ ఓడ మునుగుద్దా అయ్యా?" అని గ్రేసమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. ముందు సీటు వాళ్లు తలలు పక్కకు తిప్పుకున్నారు. దగ్గు తెరిపిచ్చాక, "సరేలే. పదిహేనేళ్లబట్టి ఆ చినిగిన పటం మీద బెత్తం పెట్టి దేశాలు చూపిస్తన్నావు. ఒకసారి కళ్లతో చూసిరా" అంది.

మార్చిలో ఇల్లు చూడటానికి కమిటీ తరఫున ఇద్దరొచ్చారు. నర్సు కరుణమ్మ, సంఘం పెద్ద శౌరి. భర్త దూరదేశం పోవడం తనకు సమ్మతమేనని భార్య వాళ్ల ఎదుట చెప్పాలి. గ్రేసమ్మ తెల్లవారుజామునే కరక్కాయ పగలగొట్టి, ఒక ముక్క దవడన పెట్టుకుంది. వగరు రసం గొంతులోకి దిగుతున్నంతసేపూ దగ్గు అణిగి ఉంటుంది.

టీ తెచ్చి ఇచ్చింది. సమ్మతమేనని చెప్పింది.

"చిక్కిపోయావేం గ్రేసమ్మా?" అంది నర్సు.

"ఎండలమ్మా. ఈ ఊళ్లో మంచినీళ్లకు మైలు నడవాల. ఇంక బలిసేదెట్టా?"

శౌరి పెద్దగా నవ్వాడు. లేవబోతూ, "ఒక కీర్తన పాడమ్మా, ప్రార్థన చేసుకుని పోదాం" అన్నాడు.

గ్రేసమ్మ ముఖం పక్కకు తిప్పి, నాలుకతో ముక్కను రెండో దవడకు నెట్టి, పాట ఎత్తుకుంది. రెండు చరణాలు ఎక్కడా తెగకుండా పాడింది. మూడో చరణం శౌరే వద్దన్నాడు, బస్సు వేళయిందని. నర్సు కాగితం మీద సంతకం పెట్టింది.

వాళ్లు వీధి మలుపు తిరగకముందే గ్రేసమ్మ గోడ పట్టుకుని కూలబడింది. నోటికి అడ్డం పెట్టుకున్న పైట చెంగు ఎర్రబడింది. జక్కయ్య చెంబుతో నీళ్లు తెచ్చాడు. తేబోయే ముందు వీధి తలుపు మూశాడు.

ఆగస్టులో మద్రాసులో ఓడెక్కాడు.

ఆ దేశం అతనికి బాగా చూపించారు. పేదవాళ్లు కూడా చదువుకోవాలని ఒక రాజు చేయించిన అక్షరాలు చూపించారు. యుద్ధంలో కూలిన బళ్లు, వాటి పక్కన గుడారాల్లో పాఠాలు చెప్పే పంతుళ్లు కనిపించారు. ఒక ముసలి పంతులు తన చేతులు చాపి చూపించాడు. మూడు వేళ్లకు గోళ్లు లేవు. జపాను వాళ్ల జైల్లో పోయాయట. అంత తెగింపు ఎలా వచ్చిందని జక్కయ్య అడిగించాడు. పిల్లల ముందు నిలబడి అబద్ధం చెప్పడం చేతకాక, అన్నాడట ఆ ముసలాయన. జక్కయ్య ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు.

అక్టోబరు చివర ఉత్తరం అందింది. ఆదెమ్మ ఎవరిచేతనో రాయించింది. గ్రేసమ్మ పోయి అప్పటికే ఇరవై రోజులు. పర్యటన ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఆ పంతొమ్మిది రోజులూ తిరిగాడు.

డిసెంబరులో కారంపూడిలో ఆదెమ్మ గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె లోపలికి రమ్మనలేదు.

"ఆస్పత్రికి ఎందుకు తీసకపోలేదు ఆదెమ్మా? ఓడెక్కిన మర్నాడే పొమ్మన్నాను గదా."

"వస్తేగా తీసకపోయేది. ఆడ ఆ నర్సమ్మే ఉంటది, ఎప్పట్నించి దగ్గని అడుగుద్ది, మీ బావ అబద్ధం రాశాడని బయటపడిద్ది, సగంలో వెనక్కి తోలతారు అన్నది. ఆయనొచ్చినాక పోదాంలే అన్నది. చానా జెప్పా. ఇనలా." ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. "తిరిగొచ్చావుగా బావా. ఇంకేంది?"

తలుపు మూసుకుంది.

జక్కయ్య ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. తొమ్మిది అయ్యాయి. పదోది, ఆఖరుది, మార్చిలో కారంపూడి హైస్కూల్లో పడింది. కమిటీ తరఫున రిపోర్టు రాయడానికి కరుణమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. హెడ్మాస్టరు పదవి ఆ రిపోర్టు మీదే ఉంది. బల్ల మీద జక్కయ్య తెచ్చిన వస్తువులు పరిచారు. కాగితపు విసనకర్ర, ఇత్తడి చెంచా, రబ్బరు చెప్పులు, బోర్లించిన గంపంత వెదురు టోపీ. ఆదెమ్మ ఎప్పుడొచ్చిందో, గుమ్మం పక్కన నిలబడి ఉంది.

జక్కయ్య టోపీ ఎత్తి చూపించాడు. "పూర్వం అక్కడ తల్లో తండ్రో చనిపోతే కొడుకు ఇది పెట్టుకునేవాడు. నేను పాపిని, నా ముఖం ఆకాశానికి చూపించడానికి తగను అని. రెండేళ్ల పైన అలాగే తిరిగేవాడు."

"పెళ్లాం చచ్చిపోతే పెట్టుకోరాండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. పిల్లలు నవ్వారు.

"పెట్టుకోరు" అన్నాడు జక్కయ్య.

చప్పట్లయ్యాయి. పిల్లలు వెళ్లిపోయారు. కరుణమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. "గ్రేసమ్మ సంగతి విని చాలా బాధపడ్డాను మాస్టారూ. ఇంత తొందరగా ఎలా ముదిరిందో. నేను చూసిననాడు బాగానే ఉంది కదా? ఎంత బాగా పాడింది."

ఆదెమ్మ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. జక్కయ్య ఆమెను చూశాడు. మూడు గోళ్లు లేని చెయ్యి కూడా అతనికి గుర్తొచ్చింది.

"బాగానే ఉందండి" అన్నాడు. "నేను పోయినాకే పట్టుకుంది."

ఆదెమ్మ కొంగుముడి విప్పి, ఎండి నల్లబడ్డ ముక్కనొకదాన్ని తీసి, చెంచాకూ చెప్పులకూ మధ్య పెట్టింది.

"ఇదిగూడా చూపిచ్చు బావా పిల్లకాయలకి. శవాన్ని కడిగేటప్పుడు అక్క దవడలో ఉంది."

వెళ్లిపోయింది.

కరుణమ్మ ముక్కను తీసి, వాసన చూసి, ఉన్నచోటే పెట్టింది. ఆ రోజు సంతకం పెట్టింది తనే. చేతిసంచి భుజాన వేసుకుంది.

"ఉపన్యాసం బాగుంది మాస్టారూ. అలాగే రాస్తాను" అంది.

బడి అటెండరు యల్లమంద చీపురు తీసుకుని వచ్చేసరికి జక్కయ్య ఒక్కడే వస్తువులు పెట్టెలో సర్దుతున్నాడు. బల్ల మీద ఆ ముక్క ఒక్కటే మిగిలింది.

"ఇది ఏ దేశందండీ?" అన్నాడు యల్లమంద.

"ఈడదే. కరక్కాయ."

"ఎవురికండీ దగ్గు?"

"మా ఇంటిదానికి. నేను పోకముందు నించీ ఉంది."

"మరి ఆస్పత్రికి తీసకపోలేదా?"

జక్కయ్య పెట్టె మూత వేసి గొళ్లెం పెట్టాడు.

జూన్‌లో హెడ్మాస్టరు ఉత్తర్వు వచ్చింది. పోయి చేరాడు.