రెండో కార్డు

కోర్టు హాల్లో సాక్షుల చేత ప్రమాణం చేయించే క్లర్కు ఆయన. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఇదివరకు ఆయన చేతిలో ఒకటే కార్డు ఉండేది, దేవుని సాక్షిగా అంతా నిజమే చెబుతానని. నాలుగేళ్ళ కిందట రెండోది వచ్చిపడింది. అందులో దేవుడి ఊసే లేదు, అంతరాత్మ సాక్షిగా అని ఉంటుంది. ఏది చదవాలన్నది సాక్షి ఇష్టం.

అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదంటే అతిశయోక్తే గానీ, ఆయన్ని అనుమానం మాత్రం పట్టుకుంది. రెండో కార్డు అడిగినవాళ్ళని ఎగాదిగా చూసేవాడు. నాస్తికుడైతే సరే, వాడి ఖర్మ. కానీ చొక్కా జేబులో దేవుడి పటం పెట్టుకుని రెండో కార్డు అడిగిన కాంట్రాక్టరు సంగతేమిటి?

"అబద్ధమాడాలి, దేవుడికి మాత్రం కోపం రాకూడదు. అందుకండీ ఆ రెండో కార్డు," అని టీ కొట్టు దగ్గర ప్రభుత్వ లాయరుతో వారానికోసారైనా అనేవాడు. మొదటి కార్డు చదివి అబద్ధమాడేవాళ్ళు లేరా అని లాయరు నవ్వితే, కావలసినంతమంది ఉన్నారనీ, వాళ్ళు తెగించినవాళ్ళనీ, వీళ్ళు పిరికివాళ్ళనీ తేల్చేసేవాడు.

అలాంటివాడి అల్లుడు ఒక సాయంత్రం ఏడింటికి కారుతో ఎవరినో గుద్ది, ఆగకుండా వచ్చేశాడు. దెబ్బ తిన్న మనిషికి కాలు తీసేశారు. ఏడింటికి తాను మామగారింట్లో భోంచేస్తున్నానని అల్లుడు పోలీసులకి చెప్పుకున్నాడు. వచ్చింది ఎనిమిదింటికి, మొహంలో నెత్తుటి చుక్క లేకుండా.

కూతురు ఏడవలేదు. తండ్రి పక్కన కూర్చుని, "నువ్వు చెప్తే చాలు నాన్నా. అక్కడ నిన్ను నమ్మనివాళ్ళెవరున్నారు?" అంది. ఆ మాటకి ఆయన లోలోపల పొంగిపోయాడు. పొంగిపోయినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

కేసు పక్క హాల్లో పడింది. వాయిదా రోజు ఆయన బోనెక్కాడు. అక్కడి క్లర్కు, కొత్తగా చేరిన అమ్మాయి, రెండు కార్డులూ ముందు పెట్టింది. ఆయనకి కూతురంటే ప్రాణం, దేవుడంటే హడలు. చెయ్యి దానంతటదే రెండో కార్డు మీదికి పోయింది. తడబడకుండా చదివాడు. అల్లుడు ఏడింటికి మా ఇంట్లోనే ఉన్నాడని చెప్పాడు. ముందు వరసలో కూతురు ఊపిరి పీల్చుకుంది.

టీ కొట్టు దగ్గరి ప్రభుత్వ లాయరే లేచాడు. చేతిలో కాగితాలేవీ లేవు.

"ఒక్కటే అడుగుతానండీ. మీరు రెండో కార్డు ఎందుకు తీసుకున్నారు?"

అల్లుడి తరఫు లాయరు అభ్యంతరం చెప్పాడు. జడ్జిగారు వినిపించుకోలేదు. ఆయన కూడా బోను వైపే కళ్ళు చిన్నవి చేసుకుని చూస్తున్నారు.

జవాబు చాలా తేలిక. ఈమధ్య నమ్మకం పోయింది, దేవుడూ లేడు గీవుడూ లేడు అనేస్తే సరిపోతుంది. అల్లుడు గట్టెక్కుతాడు. ఆయన నోరు తెరిచాడు. అంతమంది ముందు అంత అబద్ధం అలవోకగా ఆడినవాడికి దేవుడు లేడనే ఈ చిన్న ముక్కకి ధైర్యం చాలలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

కూతురు లేచి నిలబడింది. "నమ్మనని చెప్పు నాన్నా," అంది.

ఆయన తల దించుకున్నాడు. జడ్జిగారు రాసుకోవడం మొదలుపెట్టారు.