సఫీనాజ్ ఇంటి మనుషులు

పొద్దున్నే సఫీనాజ్ ఐదు గ్లాసుల్లో టీ పోస్తుంది. రెండు తనకీ, భర్త రషాద్‌కీ. మిగతా మూడూ తను వేసిన వేషాలకి. సినిమా పూర్తయి రంగు కడుక్కున్న రోజున ఆ వేషం ఆమె వెనకాలే నడిచొచ్చి ఇంట్లో మకాం పెట్టేది. ట్రామ్‌లో టికెట్లు కొట్టే ఫౌకియా, ఒక మొండి విధవరాలు, మంత్రసాని బహానా అలా వచ్చినవాళ్లే. బహానా అయితే పాతికేళ్లుగా ఈజిప్టులోని ఆ మన్సూరా ఊరి చుట్టుపక్కల పల్లెల్లో పురుళ్లు పోస్తోంది.

"మీ బహానాని మెట్లు మెల్లిగా దిగమనమ్మా, నా గోడ సున్నం రాలుతోంది" అని కింది వాటా హమీదా సణిగేది. అంతకుమించి ఎవరికీ పేచీ లేదు.

ఆ ఏడు రషాద్ లాంతరు గుర్తు మీద పార్లమెంటుకి నిలబడ్డాడు. మక్కా యాత్ర చేసిన పార్టీ పెద్ద హాజ్ షిబ్లీ ఇంటికొచ్చి జపమాల తిప్పుతూ కూర్చున్నాడు.

"హాతిమ్ తల్లీ, రేపు సభలో నువ్వు నోరు విప్పొద్దు. నీ పేరు మేమూ ఎత్తం. సినిమా అన్న మాట వినపడిందా, పల్లె ఓట్లు గల్లంతే. ఆ ముగ్గుర్నీ కూడా ఎక్కడికైనా పంపించెయ్."

"ఎక్కడికి పంపను హాజ్? వాళ్లకి నేను తప్ప ఎవరున్నారు?"

పరాయి మగాళ్ల ముందు భార్య పేరు పలకకపోవడం అక్కడి మర్యాద; పరాయివాళ్లూ ఆమెని, వేరే ఊళ్లో చదువుకునే కొడుకు పేరు మీద, హాతిమ్ తల్లి అనే పిలిచేవాళ్లు. పెళ్లి శుభలేఖల్లో సైతం పెళ్లికూతురి పేరుండదు, ఫలానావారి అమ్మాయి అని వేస్తారంతే. రషాద్ తల వంచుకున్నాడు. ముప్పై ఏళ్లు గోడలకెక్కిన తన పేరు కట్టుకున్నవాడి నోటికే బరువైందని సఫీనాజ్‌కి ఏడుపొచ్చింది. అయినా ముగ్గుర్నీ ఇంట్లోనే ఉండమని చెప్పి సభకి వెళ్లింది.

డేరా కిక్కిరిసింది. రషాద్ మైకు అందుకోగానే ఎదుటి పక్షం కుర్రాడు సాద్ లేచాడు.

"రషాద్ బే! మీ ఇంటావిడ పేరేమిటండీ? సినిమా బోర్డుల మీద చదివాం, మీ నోట వినలేదే! సిగ్గా?"

డేరా అంతా గొల్లున నవ్వింది. హాజ్ మైకుని అరచేత్తో మూసేశాడు.

అప్పుడు బహానా సంచీ చంకన పెట్టుకుని లోపలికొచ్చింది. చెప్పిన మాట ఏనాడు విన్నది గనక!

ఆడవాళ్ల వరసలు ఒక్కసారిగా లేచాయి. "మా పెద్దాడిని భూమ్మీదకి తెచ్చింది ఈవిడేనే!" "నా కవలల్నీ!" జనాన్ని తోసుకుంటూ వచ్చిన సాద్ తల్లి కొడుకు చెవి పట్టుకుంది.

"నువ్వు అడ్డం తిరిగితే ఈవిడ చేతులే నిన్ను బయటికి లాగాయిరా, వెధవా! పేరు కావాలా నీకు? ఎవరింటి మనిషో ఆవిడనే అడుగు!"

"అమ్మా, చెవి, చెవి!"

"నేను సఫీనాజ్ మనిషిని. ఆవిడ లేకపోతే నేను లేను, నేను లేకపోతే నువ్వూ లేవు" అంది బహానా.

రషాద్ హాజ్ చేతిని పక్కకి నెట్టాడు. "నా భార్య పేరు సఫీనాజ్" అన్నాడు మైకులో, అక్షరం మింగకుండా. "ఆవిడ నటి. అది నాకు గర్వం."

ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ పెట్టిన జగరీత్ సంబరపు కేకలకి డేరా గుంజలు ఊగాయి. సఫీనాజ్ లేచి నిలబడి, తొలి సినిమా ఆడిన రోజు నవ్వినట్టు నవ్వింది.

లాంతరు గెలిచింది. వసంతంలో హాజ్ షిబ్లీ మళ్లీ వచ్చి, మొహం చూపించలేక, కూతురి శుభలేఖ టీ గ్లాసుల మధ్య పెట్టాడు.

"ఏం చెయ్యను సఫీనాజ్ హానిమ్! పేరు వెయ్యకపోతే పెళ్లే వద్దంది."

సఫీనాజ్ శుభలేఖ విప్పి, బహానాకి వినపడేలా పెళ్లికూతురి పేరు పైకి చదివింది.