నా ల్యాప్‌టాప్ మీద మా ఆయన పేరు

కంప్యూటర్ స్కీము అయిపోయింది, ల్యాప్‌టాప్‌లన్నీ శనివారం వికారాబాద్‌లో అప్పజెప్పాలని మెసేజ్ వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. నా ల్యాప్‌టాప్ కూడా వంటింట్లోనే ఉంది. మూడేళ్ళుగా దాని చోటు అదే, మిక్సీ పక్కన. ప్లగ్గు తీస్తే చాయ్ మరిగేలోపే ఆరిపోయేది.

ఎందుకలా అంటే మొదటి నుంచి చెప్పాలి. మాది టీచర్ల ఇల్లు. మా ఆయన దశరథ్ తాండూరులో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాడు. నేను పక్క పల్లెలో ప్రైమరీ టీచర్ని. మూడేళ్ళ కింద జిల్లాలో కొందరు టీచర్లకు కంప్యూటర్ నేర్పి, ఒక కంపెనీ నుంచి కిరాయికి తెచ్చిన ల్యాప్‌టాప్‌లు చేతికిచ్చారు. మా ఇంటికి రెండు వచ్చాయి. తెరిచి చూస్తే ఆయన దాంట్లో బ్యాటరీ నిలవడం లేదు. నాది బాగుంది.

"నువ్వు ఇంట్ల కూసోని చేసుకుంటవ్, ప్లగ్గు పక్కనే ఉంటది. నేను బయట తిరిగెటోణ్ణి. నీది నాకియ్యి," అన్నాడు.

"ఎవరిది వాళ్ళకు పేర్లు రాసిచ్చిండ్రు గద?"

"ఆలుమగల నడుమ నీదేంది, నాదేంది?"

ఇలాంటి మాట ఇచ్చేటప్పుడు ఎవరూ అనరు, తీసుకునేటప్పుడే అంటారు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఇచ్చేశాను.

ఆ రోజు నుంచి నేను ఎప్పుడు తెరిచినా తెర మీద 'దశరథ్ గారికి స్వాగతం' అని వచ్చేది. ఆ పేరు కంపెనీ వాళ్ళు పెట్టింది, మనం మార్చేది కాదు. మొదట్లో నవ్వొచ్చేది. పప్పు పొయ్యి మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంటే దశరథ్ గారికి స్వాగతం. సోఫాలో ఉన్న దశరథ్ గారికి ఆ సంగతే తెలియదు. రాను రాను అలవాటైపోయి ఆ పేరు చూడడమే మానేశాను.

ఆ వంటింట్లోనే నేను పాఠాలు తయారు చేశాను. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా, బొమ్మలతో, కదిలే అంకెలతో, మా బడి పిల్లల గొంతులతో. నా గొంతు బొంగురు, అందుకని పిల్లల చేతనే చెప్పించేదాన్ని. దోమ మండలంలోని ఊళ్ళో మా అత్త బుగ్గమ్మ దొడ్డి తడిక తీసి గొర్రెలను జతలు జతలుగా లెక్కపెడుతుంటే ఫోన్లో తీసి, దాంతో రెండో ఎక్కం పాఠం చేశాను. ఎక్కం అంటే జ్వరం తెచ్చుకునే పిల్లలు కూడా ఆ గొర్రెలు దాటుతుంటే ఎగిరెగిరి చెప్పేవాళ్ళు. ఒక్కో పాఠం పూర్తయినప్పుడు ఎంత సంతోషమో, పొయ్యి మీద పప్పు మాడిన రోజున కూడా బాధ అనిపించలేదు.

మా ఆయన నా పేరున్న ల్యాప్‌టాప్‌లో మూడేళ్ళూ పత్తాలాట, అదే పేకాట, ఆడాడు. చెడ్డవాడు కాడు. తాగడు, అరవడు, ఆదివారం బట్టలు ఆరేస్తాడు. ఒళ్ళు వంగదు, అంతే. ఏమైనా అంటే "మిషన్‌తోని ఆడుతున్న, పైసలు పెట్టి ఆడుతున్ననా?" అనేవాడు.

స్కీము చివర్లో జిల్లాలో ఒక్కరిని ఎంపిక చేసి, రాబోయే బ్యాచ్ టీచర్లకు శిక్షణ ఇచ్చే పని అప్పజెబుతామని ముందే చెప్పారు. ఆ పని నాకు కావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా కావాలి. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ ఏదీ చెప్పమని అడగలేదు. మీటింగుల్లో హైస్కూలు సార్లు ముందు వరస, మేము వెనక వరస. చాయ్ కూడా మా దాకా వచ్చేసరికి చల్లారిపోతుంది. ఒక్కసారి ముందర నిలబడి, నేను చెబుతుంటే నలుగురూ వినాలని ఉండేది. ఆ మాట ఒక్క మా ఆయనతోనే అన్నాను.

"నీకే వస్తది, రాసి పెట్టుకో," అన్నాడు. మనసులో ఉన్న మాటే అన్నాడు, అబద్ధం కాదు.

పాఠాలు ఎవరి మిషన్‌లో ఉన్నాయో కంపెనీ వాళ్ళు తమ ఆఫీసు నుంచే చూసుకుంటారని మాకు తెలుసు. తెర మీద పేరు ఆయనదనీ తెలుసు. అయినా నేను ఫికర్ పడలేదు. రెండో ఎక్కం హైస్కూల్లో ఎవరు చెబుతారు? చూసిన వాళ్ళకు ఇది చిన్న బడి టీచర్ పనేనని తెలియదా అనుకున్నాను.

శనివారం పొద్దున రైలెక్కే ముందు ఎవరి పేరున్నది వాళ్ళ సంచిలో పెట్టుకున్నాం. పాఠాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, వంటింటి జిడ్డు పోయేలా ల్యాప్‌టాప్‌ను బాగా తుడిచి ఆయనకిచ్చాను. ఆయన నాది నాకిచ్చాడు. నా చేతికి అది కొత్తగా ఉంది, మీటలు ఎక్కడున్నాయో కూడా తెలియనట్టు.

వికారాబాద్‌లో హాలు నిండా టీచర్లే. పరిగి నుంచి, కుల్కచర్ల నుంచి, అన్ని మండలాల నుంచీ వచ్చారు. స్కీము చూసే పద్మారాణి మేడం మైకు పట్టుకుంది.

"ముందుగాల ఎంపిక సంగతి చెప్త. కొత్త బ్యాచ్‌కు శిక్షణ సోమవారమే మొదలు. అన్ని మిషన్లల్ల పాఠాలు చూసినం. ఒక్కరివి చూస్తుంటే లేవబుద్ధి కాలేదు. రెండో ఎక్కం గొర్రెల మందతోని చెప్పిండ్రండీ!"

కుర్చీలోంచి సగం లేచాను. కొంగు కూడా సర్దుకున్నాను.

"హైస్కూల్ సారై ఉండి, చిన్నపిల్లల కోసం ఇంత కష్టపడిండ్రంటే ఎంత పెద్ద మనసు! తాండూరు దశరథ్ సార్ వేదిక మీదికి రావాలె."

సగం లేచిన దాన్ని కూర్చున్నాను. పక్కన మా ఆయన నా వైపు చూశాడు. నిజంగానే బిత్తరపోయాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే లేచి వెళ్ళాడు. పోయి మిషన్లు మారిన సంగతి చెబుతాడు అనుకున్నాను. శాలువా కప్పారు. కప్పాక చెబుతాడు అనుకున్నాను. మైకు చేతికిచ్చారు.

"అందరికి ధన్యవాదాలు," అన్నాడు. శాలువా భుజం మీద సర్దుకున్నాడు. "ఇది నా ఒక్కనిదే కాదు. ఇంట్ల మా మేడం సహకారం గూడ ఉన్నది."

హాలంతా మళ్ళీ చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి, ఎంత అదృష్టవంతురాలివి అన్నట్టు నన్ను చూసి నవ్వింది. సహకారమట! మొత్తం నాదేనంటే కోపం వచ్చేది, పోట్లాడి తేల్చుకునేదాన్ని. సహకారం అన్నాక ఇంక నాకు పోట్లాడే చోటు కూడా మిగలలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

తర్వాత ల్యాప్‌టాప్‌లు అప్పజెప్పే వరస మొదలైంది. కంపెనీ తరఫున చంద్రప్ప అనే పెద్దాయన ఒక్కో మిషన్ తెరిచి చూసి, సంతకం పెట్టించుకుంటున్నాడు. నా వంతు వచ్చింది. తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చూశాడు.

"మేడం, పాఠాలు ఒక్కటి గూడ లెవ్వు. పత్తాలాటనే ఉన్నది."

మెల్లగానే అన్నాడు పాపం. కానీ వరసలో నా వెనక ఉన్నవాళ్ళకు వినపడింది. ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో ఇంకొందరు నవ్వారు. పక్కనే నిలబడ్డ పద్మారాణి మేడం తల ఊపింది.

"అంత మంచి సారును ఇంట్ల పెట్టుకొని గిట్లనా మేడం? జర చూసి నేర్చుకోండ్రి."

మా ఆయన అక్కడే ఉన్నాడు, శాలువా మడిచి చంకలో పెట్టుకుని. తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ముందు ఏడుపే వస్తుంది. ఏడుస్తూ ఆ పాఠాలు నావంటే, మొగుడికి వచ్చిందని ఓర్వలేక ఏడుస్తున్నదంటారు. మింగలేక, కక్కలేక సంతకం పెట్టి బయటికొచ్చాను. మా వెనకాల నిలబడ్డవాళ్ళ వరస ఇంకా చాలా పొడుగుంది.

స్టేషన్‌లో తాండూరు పోయే ప్యాసింజర్ అప్పటికే ఆగి ఉంది. ఆయన రెండు చాయ్‌లు తెచ్చాడు. నేను తీసుకోలేదు.

"నేను కావాలని చేసిన్నా? వాళ్ళు పేరు పిలిచిండ్రు, పోయిన," అన్నాడు.

"మైకు చేతికిచ్చిండ్రు గద."

"అంత మంది ముందట ఎట్ల చెప్తనే? నాది కాదంటే, మరి నీదేది అంటరు. అప్పుడు పత్తాల సంగతి బైటపడదా?"

"బైటపడ్డది. నా పేరు మీద బైటపడ్డది."

చాయ్ ఒక గుక్క తాగాడు. ఏదో మంచి ఉపాయం దొరికినవాడిలా దగ్గరికొచ్చాడు. "గిట్ల చేద్దాం. సోమవారం శిక్షణ నా పేరు మీదనే ఉండనీ. నువ్వు తయారు చేసియ్యి, నేను నిలవడి చెప్త. ఇద్దరికీ వచ్చినట్టే గద."

పెళ్ళైన ఇన్నేళ్ళలో నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆయన ఆ మాట మంచిగానే అంటున్నాడు. అదే నా కడుపు మండించింది.

"నేను రైలెక్కుతున్న. నువ్వు ఎక్కకు. మళ్ళ హాలుకు పో. ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాను.

"ఇప్పుడా? ఇంక సగం మంది ఆడనే ఉన్నరే. పరువు పోతది."

"నాది పొద్దుగాలనే పోయింది."

ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన రెండు చేతుల్లో రెండు చాయ్‌లతో ప్లాట్‌ఫారం మీద అట్లాగే నిలబడ్డాడు. రైలు కదిలింది. పరుగెత్తి ఎక్కేస్తాడేమో అనుకున్నాను. ఎక్కలేదు. అలాగని హాలు వైపు పోయాడో, తర్వాతి బండి కోసం బెంచీ మీద కూలబడ్డాడో నాకు కనపడలేదు.

ధారూరు దాటాక ఫోన్ మోగింది. పద్మారాణి మేడం.

"అంబిక మేడం, దశరథ్ సార్ మళ్ళొచ్చిండు. మొదటి రోజే మిషన్లు మారినయ్, పాఠాలన్ని మీవే అంటున్నడు. నిజమేనా?"

"నిజమే మేడం."

"మరి పొద్దుగాల నేను అన్ని మాటలన్న గద, ఒక్క మాట చెప్పకపోతిరి?"

ఆవిడ ఫోన్ పట్టుకునే, అటు తిరిగి ఎవరినో అడిగింది. "అయితే సార్, ఆ పత్తాలాటది?"

ఫోన్లో అంతా గోలగా ఉంది. కుర్చీలు జరుపుతున్నారు, ఎవరిదో నంబరు పిలుస్తున్నారు. ఆ గోలలో మా ఆయన గొంతు స్పష్టంగా వినపడింది. క్లాసులో పాఠం చెప్పేటప్పటి గొంతు.

"అది నాది మేడం. మూడేండ్లు నేనే ఆడిన."

ఒక్కసారిగా నవ్వులు. ఒకరిద్దరివి కాదు, వరసలో ఉన్న అందరివీ. ఎవరో ఈల కూడా వేశారు. పొద్దున నా మీద పడ్డ నవ్వుకు ఇది పదింతలు. నా మనసు చల్లబడాలి కదా, చల్లబడలేదు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఎదురు సీటులోని ఆవిడ కన్నడంలో ఏదో అడిగింది, చెయ్యి ఊపాను. దిగి, వెనక్కి పోయి, ఆ హాల్లో మా ఆయన పక్కన నిలబడాలనిపించింది.

"మేడం, లైన్ల ఉన్నరా?" అంది పద్మారాణి మేడం.

ముక్కు తుడుచుకున్నాను.

"ఉన్న మేడం. సోమవారం ఎన్నింటికి రావాలె?" అన్నాను.