సీసాలో సవతి

మా ఆయన ఊరికి బయలుదేరుతూ ముందు వంటింట్లోకి వెళ్లారు. గట్టుమీదున్న గాజు సీసా మీదికి వంగి, "వెళ్లొస్తానే బుజ్జీ" అన్నారు. తరవాత గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నాతో, "గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోకు" అన్నారు.

'వెళ్లొస్తాను' అనే మాట నాకెంత అవసరమో ఆయనకు తెలుసు. నా చిన్నప్పుడు మా నాన్న గొడుగు తీసుకుని, ఏదో ఆలోచిస్తూ, ఏమీ అనకుండా బజారుకు వెళ్లాడు. మళ్లీ మనుషులు మోసుకొస్తేనే ఇంటికొచ్చాడు. అప్పటినుంచీ ఎవరు గడప దాటినా ఆ మాట అనిపించందే వదలను. పాలు పోసే మనిషి చేత కూడా అనిపిస్తాను. అలాంటిది, ఆ మాట సీసాకు పోయింది. నాకు గ్యాస్ దక్కింది.

సీసాలో ఉన్నది పులిపిండి. పిండీ నీళ్లూ కలిపి పులియనిస్తే దానంతటదే బుడగలు కట్టి పొంగుతుంది. అందులో కాస్త తీసి కలిపితే ఈస్టు అక్కర్లేకుండా రొట్టె లేస్తుంది. సోర్‌డో అంటారట. మా ఆయన లిఫ్టు మెకానిక్. ఉద్యోగమున్నన్నాళ్లూ జనాన్ని పైకీ కిందికీ తిప్పారు. రిటైరయ్యాక తిప్పడానికి ఎవరూ లేక ఈ పిండిని పట్టుకున్నారు. అది పొద్దున పైకెక్కుతుంది, సాయంత్రానికి కిందికి దిగుతుంది. ఎంత ఎక్కిందో తెలియడానికి సీసా నడుముకో రబ్బరు బ్యాండు. రోజూ సగం తీసేసి, మిగిలినదానికి కొత్త పిండీ నీళ్లూ కలపాలి. దాన్నే 'అన్నం పెట్టడం' అంటారాయన. మా అమ్మాయి బడికెళ్లే రోజుల్లో ఏ తరగతని ఎవరైనా అడిగితే నా మొహం చూసిన మనిషి, ఇది ఏ పూట ఎంత తిన్నదో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

రొట్టె బాగుండదని అనను. పైపెంకు కరకరలాడుతుంది, లోపల మెత్తగా, నాలుక చివర కొద్దిగా పుల్లగా ఉంటుంది. నా కడుపుమంటంతా అదే. బాగా లేకపోతే ఎప్పుడో పారేయించేదాన్ని.

కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ మా దగ్గర వారానికో రొట్టె తీసుకుంటుంది. మెట్ల మీద కనిపిస్తే చాలు, "పిన్నిగారూ, మీ సవతి ఎలా ఉంది?" అంటుంది.

"దానికేం, మహారాణి. తింటుంది, పడుకుంటుంది."

"మనిషైతే జుట్టు పట్టుకునేవారు. పాపం, దీనికి జుట్టు కూడా లేదాయె!"

ఈ ప్రయాణం మా వదిన కోసం. మా ఆయనకు అక్క. ఒంటరి మనిషి, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. నేనూ వస్తానన్నాను.

"నువ్వూ వస్తే బుజ్జికి ఎవరు పెడతారు?"

నేను బడికి వెళ్లలేదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. అందుకేనేమో, పుస్తకం చేతికందితే అట్టనుంచి అట్టదాకా వదలను. లైబ్రరీనుంచి ఆయన తెచ్చుకున్న రొట్టెల పుస్తకం ఆయనకంటే నేనే ముందు పూర్తిచేశాను. ఫ్రిజ్‌లో పెడితే పులిపిండి వారం పైగా నిద్రపోతుందని అందులో ఉంది. ఆ మాటే చెప్పాను.

"చలికి ముడుచుకుపోతుందే, పాపం" అన్నారు.

ఇంట్లో ఒక్కదాన్నీ నేను ముడుచుకుపోతే పాపం కాదు కాబోలు.

వెళ్లినరోజే ఫోన్ చేశారు. "పొంగిందా?" అన్నారు, హలో కూడా లేకుండా.

"పొంగింది. మీ అక్క ఎలా ఉంది?"

"బానే ఉంది. బ్యాండు దాటిందా?"

మర్నాడు నేనే ముందు అందుకున్నాను. "నాకు మోకాలు లాగేస్తోందండీ. మెట్లు దిగలేకపోతున్నా."

"నూనె రాసుకో. వాసన ఎలా వస్తోంది? పండు వాసనా, పెయింటు వాసనా?"

ఫోన్ పెట్టేసి సీసా ముందు నిలబడ్డాను. బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగులుతున్నాయి. తీరిగ్గా, ఎవరి మీదా బెంగ లేనట్టు. నేను దానికి ఏ లోటూ చెయ్యలేదు. నాకు పడకపోవచ్చు గానీ, ఆయన తిరిగొచ్చేసరికి దానికేమైనా అయితే ఆ మాట జన్మంతా పడాలి కదా. పొద్దున్నే లేచి పెట్టేదాన్ని. ఎండ వచ్చిన వైపు జరిపేదాన్ని. నేనింకా కాఫీ తాగకముందే అది తినేది.

పుస్తకంలో చివర జబ్బుల భాగం ఉంది. నేను ఏ పుస్తకంలోనైనా జబ్బుల భాగం రెండుసార్లు చదువుతాను. పైన నీళ్లు తేలితే ఆకలి, ఫరవాలేదు. పొంగకపోతే చలి, ఫరవాలేదు. గులాబీ రంగు చార కనిపిస్తే మాత్రం ఇక ఆశ లేదు, మొత్తం పారేయాల్సిందే.

తరవాతి ఫోన్‌లో ఆయన నోరు తెరవకముందే అనేశాను. "పిండిలో గులాబీ చార కనపడుతోంది."

అటువైపు చప్పుడు లేదు. మా నాన్న సంగతి చెప్పినప్పుడు కూడా ఆయన ఇంతసేపు మాట్లాడకుండా ఉండలేదు.

"పారెయ్యకు" అన్నారు చివరికి. "నేను చూడందే పారెయ్యకు. బస్సుకి వచ్చేస్తున్నా."

నా మోకాలికి నూనె. దాని చారకు బస్సు!

నేను అడగాలనుకున్నది అడక్కుండానే తెలిసిపోయింది. ఇంట్లో ఇద్దరికీ బాగాలేకపోతే ఆయన ఎవరి కోసం వస్తారో. సీసా ఎత్తి సింకు దగ్గరికి తీసుకెళ్లాను. మూత తీశాను. వంచితే చాలు, అబద్ధం నిజమైపోతుంది. ఆయన వచ్చి ఏడ్చి ఊరుకుంటారు. గాజు నా అరచేతుల్లో గోరువెచ్చగా ఉంది. అప్పుడు తట్టింది నాకు. దీన్ని ఒలకబోస్తే, ఇంకోసారి ఆయన ఊరెళ్లినప్పుడు దేనికి జబ్బని చెప్పి పిలవను? నా పేరు చెబితే రారని తేలిపోయిందిగా. మూత పెట్టేసి, సీసా మళ్లీ గట్టుమీద పెట్టాను. కోపంగానే పెట్టాను.

ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. సంచి గుమ్మంలోనే పడేసి, లిఫ్టు గుంతల్లోకి దిగేటప్పుడు వాడిన పాత టార్చి తీసుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లారు. బుజ్జి బ్యాండు దాటి, మూతను తోసి, సీసా పక్కలకు కారుతోంది. ఆయన సీసాను చుట్టూ తిప్పి తిప్పి చూశారు.

"ఏదీ చార?"

"పోయింది."

"ఎక్కడికి పోయింది?"

"ఊరెళ్లింది. ఊళ్లు తిరిగేవాళ్లు మీరొక్కరేనా?"

టార్చి ఆర్పేశారు. "దీనికి బానే ఉంది" అన్నారు మెల్లిగా.

"నాకే బాగాలేదు."

"ఆ మాటే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. నూనె రాసుకోమన్నారు."

ఆయన ఏదో అనబోయేంతలో ఫోన్ మోగింది. వదిన. ఆవిడ గొంతు గది అవతలికి కూడా వినబడుతుంది.

"ఒరేయ్, పిండి బతికిందా, పోయిందా?"

"బతికిందక్కా."

"ఫోన్ మీ ఆవిడకివ్వు." ఇచ్చారు. "ఏమ్మా మరదలా! నా చెయ్యి విరిగిందని కబురుపెడితే నీ మొగుడు బట్టలు సర్దుకోడానికి ఒక పూట పట్టింది. పిండికి జబ్బనగానే కలిపిచ్చిన కాఫీ ముట్టకుండా పరిగెత్తాడు. ఒంటిచేత్తో కలిపానమ్మా ఆ కాఫీ! ఏముంది దాంట్లో, నాకు లేనిది?"

ఇంతకాలం ఈ మంట నా ఒక్కదానిదే అనుకున్నాను. తోబుట్టువుకీ అంటుకుందని తెలిశాక కాస్త ఊపిరాడింది. కానీ నా మాటవల్ల ఆవిడ ఒంటరిదైంది. ఆవిడ జడ ఎవరు వేస్తారు?

"రేపు వస్తున్నాం వదినా" అన్నాను. "నేనూ, ఈయనా. మీ జడ నేను వేస్తాను."

"మరి ఆ మహారాణో?"

ఆయన వైపు చూశాను. గోడకానుకుని నిలబడి, సీసామీద కారినదాన్ని వేలితో తుడుస్తున్నారు. అడగడానికి భయపడుతున్న మొహం. "ఫ్రిజ్‌లో పెట్టేద్దాంలే" అన్నారు, నేనేమీ అనకముందే.

ఆ మాట ఆయన నోట రావడానికి ఎంత కష్టమైందో చూశాను. నాకోసం అన్నారు. అయినా నమ్మకం కుదరలేదు. ఫ్రిజ్‌లో ఉంచి వస్తే అక్కడ ఉన్నన్నాళ్లూ ఈయన ఒళ్లు వదిన ఇంట్లో, మనసు ఫ్రిజ్‌లో.

"అదీ వస్తుంది" అన్నాను ఫోన్‌లో.

మర్నాడు బస్సులో కిటికీ సీటు నేను తీసుకున్నాను. సీసాను తువ్వాలులో చుట్టి ఆయన ఒళ్లో పెట్టుకోబోయారు. లాక్కున్నాను.

"జాగ్రత్త, కుదుపులకు..."

"నాకు తెలుసు. మీ దగ్గరుంటే దారి పొడుగునా తల వంచుకుని దాన్నే చూస్తారు."

ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ చుట్టూ వేశాను. బస్సు కదిలింది. కాసేపటికి ఆయన దానికోసం ఇటు తిరిగారు. నా ఒళ్లో ఉన్నదాన్ని చూడాలంటే ఎటైనా నా వైపే తిరగాలి. తిరగనీ.